ముప్పై ఏడు రోజులు

మొన్న ఒక మధ్యాహ్నం నీళ్ల ఫిల్టర్లు అమ్మే అమ్మాయి మా ఫ్లాటు తలుపు కొట్టింది. లిఫ్టు పనిచేయడం లేదు. ఉప్పల్ ఎండలో తిరిగి తిరిగి, నాలుగంతస్తులు ఎక్కి వచ్చింది. పాపం అనిపించి లోపలికి రమ్మన్నాను. కాస్త ఊపిరి తీసుకుని, "ఒక్క నిమిషం ఆంటీ, మీ నీళ్లు మీకే చూపిస్త" అంటూ మా కుళాయి నీళ్లు గాజు గ్లాసులో పట్టింది. సంచిలోంచి రెండు కడ్డీలున్న చిన్న యంత్రం తీసి ప్లగ్గులో పెట్టింది. చూస్తుండగానే నీళ్లు పసుపు పచ్చగా మారాయి. ఆ తర్వాత తుప్పు రంగుకి తిరిగాయి.

"సూసిన్రా ఆంటీ? దినాం మీరు తాగేది ఇదే."

అది కనికట్టని నాకు తెలుసు. ఇనుప కడ్డీలోంచి కరెంటు పోతే ఎంత మంచి నీళ్లయినా అలాగే రంగు మారతాయి. కెమిస్టు కూతురిని, ఆ మాత్రం చిన్నప్పుడే విన్నాను. అయినా ఆ గ్లాసు వంక చూడలేక, సింకులో పారబోయమన్నాను. ఆ అమ్మాయి వెళ్లిపోయాక చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

మేము ఇక్కడికి వచ్చేనాటికి ఉప్పల్ ఊరే. ఇప్పుడు మెట్రో స్తంభాలు నిలబడిన దారి పక్కన ద్రాక్షతోటలుండేవి. నాగోల్ వైపు మూసీ ఒడ్డున గడ్డి పెంచేవాళ్లు. పొద్దున్నే ఆడవాళ్లు పచ్చగడ్డి మోపులు నెత్తిన పెట్టుకుని మా వీధి మీదుగా పోతుంటే వీధంతా తడి వాసన వేసేది. ఇటు నాచారంలో ఫ్యాక్టరీలు. గాలి ఎటు తిరిగితే ఆ వాసన. ఒకరోజు కాలుతున్న బిస్కెట్ల వాసన, ఒకరోజు సబ్బు వాసన, ఒక్కోరోజు కుళ్లిన గుడ్ల వాసన. పిల్లలం కళ్లు మూసుకుని, గాలి ఏ ఫ్యాక్టరీ మీదుగా వస్తోందో చెప్పే ఆట ఆడేవాళ్లం. బిస్కెట్ల గాలి వచ్చిన రోజు ఎవరికీ చదువు మీద మనసుండేది కాదు.

మా నాన్నది గోదావరి వైపు. బీయస్సీ చదివి, నాచారంలో ఒక రంగుల ఫ్యాక్టరీలో ల్యాబు ఉద్యోగానికి వచ్చాడు. గుడ్డలకి వేసే రంగులు చేసేవాళ్లక్కడ. ఫ్యాక్టరీకి పల్లంలో, నడిచి పావుగంట దూరాన, ఒకే వరసలో ఆరు పోర్షన్ల ఇల్లు. అందులో చివరిది మాది. వెనకాల అందరికీ కలిపి ఒక గిలక బావి. ఆ నీళ్లు ఎంత తియ్యగా ఉండేవంటే, ఎండాకాలంలో వచ్చిన చుట్టాలు రెండో చెంబు అడిగి మరీ తాగేవారు.

మా వరస మొత్తానికి చదువుకున్నవాడు మా నాన్నే. మందుబిళ్లల అట్ట మీద తేదీ చూపించడానికి, అర్జీలు రాయించుకోవడానికి అందరూ వచ్చేవారు. ఆదివారం పొద్దున పిల్లలందరినీ మా అరుగు మీద కూర్చోబెట్టి పాఠం చెప్పేవాడు. సగం లెక్కలు, సగం నీతులు. అబద్ధం ఆడకూడదు, కులం అడగకూడదు, ఒకరికి చెడు జరుగుతుంటే చూస్తూ ఊరుకోకూడదు. మాకు లెక్కలకన్నా అవే ఇష్టం. వాటికి కథలు చెప్పేవాడు, పైగా హోంవర్కు ఉండదు.

ఒకసారి నేనూ నా జట్టు పిల్లా ద్రాక్షతోట కంచె కింద దూరి గుత్తులు తెంపుకుని, కడగకుండానే తినేశాం. నాలుకలు నీలంగా అయ్యాయి. అది చూసి నాన్న మమ్మల్నిద్దరినీ రెక్క పట్టుకుని బావి దగ్గరికి లాక్కెళ్లాడు. "అది మైలుతుత్తం. పురుగు పట్టకుండా కొడతారు. విషం!" అంటూ వేళ్లు నోట్లో పెట్టించి కక్కించాడు. తర్వాత వరసలో ప్రతి ఇంటికీ వెళ్లి, పిల్లల్ని తోట వైపు పోనీయవద్దని చెప్పి వచ్చాడు. ఐదు తలుపులూ ఆయనే తట్టాడు. ఆ రోజు నాన్నని చూస్తే నాకు గర్వంగా అనిపించింది. తెలిసినవాడంటే ఇలా ఉంటాడు కదా అనుకున్నాను.

నా జట్టు పిల్లది పక్క పోర్షనే. వాళ్లది జనగాం వైపు పల్లె. ఏసుప్రభువుని నమ్మినవాళ్లు. వాళ్లమ్మ మా నాన్నని అన్నా అని, మా అమ్మని వదినా అని పిలిచేది. అందుకని నాకు ఆమె అత్త, వాళ్ల నాన్న మామ. క్రిస్మస్‌కి అత్త గరిజెలు చేసి మొదటి పళ్లెం మాకే తెచ్చేది. మా నాన్న వరసంతా చూస్తుండగా అరుగు మీద కూర్చుని, ఆమె చేతిలోంచి తీసుకుని తినేవాడు. కావాలనే అలా తినేవాడని పెద్దయ్యాక అర్థమైంది. అత్త కాల్చే సర్వపిండి కోసం నేను రోజూ మధ్యాహ్నం ఏదో ఒక వంకతో వాళ్లింట్లో తేలేదాన్ని. గిన్నె అడుగున అంటుకుని ఎర్రగా మాడిన పెచ్చు నాకని తీసి ఉంచేది.

మామ మా నాన్న ఫ్యాక్టరీలోనే పనిచేసేవాడు. డ్రమ్ములు ఎత్తడం, దించడం, దొర్లించడం. ఎంత రుద్దినా ఆయన అరచేతుల పసుపు రంగు పోయేది కాదు. "నాది దినాం పెండ్లే బిడ్డా, సూడు పసుపు" అని చేతులు చూపించి నవ్వేవాడు. పాటలు పాడేవాడు. ప్రార్థనలో పాడేవీ, పొలంలో పాడేవీ కలిపేసి పాడేవాడు. ఆయన సైకిలు మలుపు తిరగకముందే పాట వినిపించేది. మా వరసలో అందరికన్నా సంతోషంగా ఉన్న మనిషి ఎవరంటే ఎవరైనా ఆయన్నే చూపించేవారు. మా నాన్న కూడా, "చదువు లేదు, చింతా లేదు, అదృష్టవంతుడు" అనేవాడు.

ఆ ఎండాకాలం సెలవులు మొదలయ్యాక ఒకరోజు అమ్మ అన్నం వడ్డిస్తూ, "బియ్యం మార్చాలండీ, అన్నం తెల్లగా రావట్లేదు" అంది. నాన్న ముద్ద కలపబోయి ఆగిపోయాడు. కంచం కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో చూశాడు. మర్నాడు తెల్లవారుతూనే బావి నీళ్లు సీసాలో పట్టుకుని ల్యాబుకి వెళ్లాడు.

సాయంత్రం ఆయన చొక్కా కూడా విప్పకుండా వంటింట్లోకి రావడం చూశాను. నేను తలుపు వెనక గవ్వలాడుకుంటున్నాను.

"బావి నీళ్లు ఇక తాగొద్దు. వంటకీ వద్దు. బట్టలకి వాడు, చాలు."

"ఏం, ఏమైంది?"

"ఫ్యాక్టరీ వెనక క్వారీ గుంటలో పారబోసేదంతా కిందికి దిగుతోంది. మేనేజరుకి చెప్పాను. వానలు పడితే కొట్టుకుపోతుంది, అందాకా నోరు మూసుకోమన్నాడు. బయటికి పొక్కితే ఫ్యాక్టరీ మూస్తారట, ముందు నా ఉద్యోగం పోతుందట."

"మరి వీళ్లందరూ?"

నాన్న చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. "ఎవరికీ చెప్పకు" అన్నాడు. ఆ తర్వాత నన్ను చూశాడు. "నువ్వు కూడా."

మర్నాటి నుంచి నాన్న సైకిలుకి రెండు క్యాన్లు కట్టుకుని, ఉప్పల్ చౌరస్తా అవతల మంజీరా నుంచి సర్కారు నీళ్లు వచ్చే కుళాయి దగ్గరికి వెళ్లి తెచ్చేవాడు. ఎవరైనా అడిగితే, కడుపులో మంట, డాక్టరు ఆ నీళ్లే తాగమన్నాడని చెప్పేవాడు. ఆయన అబద్ధం ఆడటం నేను వినడం అదే మొదలు. ఏ తడబాటూ లేకుండా ఆడాడు.

మొదటి వారం అందరూ నవ్వారు. తర్వాత నవ్వడం మానేశారు. ఒకరోజు బావి దగ్గర అమ్మ బట్టలకి నీళ్లు తోడుతుంటే అత్త వచ్చింది. అప్పుడు ఆమెకి ఆరో నెల. కడవ చప్టా మీద పెట్టి, నడుం పట్టుకుని నిలబడింది.

"ఏంది వదినా, బట్టలకు పనికొచ్చే బాయి తాగనీకి పనికొస్తలేదా?"

"అది కాదు వదినా, ఆయనకి కడుపులో..."

"ఆయనకు కడుపుల మంట. మరి నీకు? నీ బిడ్డకు? నా బిడ్డ ఇంట్ల ఇస్తే గూడ నీ బిడ్డ తాగుతలేదు. నాకు కండ్లు లేవా? మేము చేద ఏస్తున్నమనే గద. గది మొకం మీదనే జెప్పున్రి. ఇన్నేండ్ల సంది అరుగు మీద కూసోని తిన్నదంతా ఉత్తదేనా?"

అమ్మ తడి బట్టలు అలాగే వదిలేసి ఇంట్లోకి వచ్చింది. నాన్న రాగానే ఏడుస్తూ చెప్పింది. "ఆవిడ మనల్ని ఏమనుకుంటోందో తెలుసా మీకు? మనం అంటు చూస్తున్నామనుకుంటోంది!"

నాన్న బనీను పట్టుకుని విసురుకుంటూ కిందికి చూస్తున్నాడు.

"అనుకోనీ."

"మీరేనా ఈ మాట అంటున్నది?"

"అనుకుంటే అనుకోనీ. దానివల్ల ఎవరి ఉద్యోగమూ పోదు."

కులం పేరెత్తితే గదిలోంచి లేచి వెళ్లిపోయే మనిషి ఆ మాట అన్నాడు. నాకు సగమే అర్థమైంది. మిగతా సగానికి అమ్మ మొహం చూసి భయపడ్డాను. ఆ ఆదివారం పాఠానికి నా జట్టు పిల్ల రాలేదు. నాన్న ఆమె కూర్చునే చోటు వైపు చూడకుండా ఎక్కాలు చెప్పించి పంపేశాడు. ఆ రోజు కథ లేదు. అత్త ఆయన్ని అన్నా అనడం మానేసి, అందరిలాగే సారూ అనడం మొదలుపెట్టింది.

నేను ఏం చేశానని ఎవరైనా అడిగితే, ఏమీ చేయలేదు. పొద్దున్నే అత్త కడవ నింపుకోవడం చూసేదాన్ని. మామ పనినుంచి వచ్చి, చెంబెత్తి గటగటా తాగి, మూతి తుడుచుకుని పాట అందుకోవడం చూసేదాన్ని. ఒకసారి నోటిదాకా వచ్చింది. నాన్న ఉద్యోగం పోతే నన్ను బడి మాన్పిస్తారేమోనని మింగేశాను. రెండు రోజులకి అలవాటైపోయింది. నన్ను ఇప్పటికీ వదలనిది అదే. అలవాటు కావడానికి రెండు రోజులే పట్టింది.

మే నెల చివర్లో ఒక మధ్యాహ్నం నా జట్టు పిల్ల వీధిలో నన్ను ఆపింది. చాలా రోజులకి మాట్లాడింది.

"మేము ముట్టుకున్న నీళ్లు మీరు తాగరంట గద?"

"కాదే!"

"మరెందుకు తాగుతలేరు?"

జవాబు నా దగ్గరుంది, కానీ చెప్పకూడదు. అది నన్నే చూస్తోంది. నేను తిన్నగా వాళ్లింట్లోకి వెళ్లి, మూలనున్న కుండలోంచి గ్లాసు ముంచుకుని, దాని ఎదురుగా ఆఖరి చుక్క దాకా తాగాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి. ఏ తేడా లేదు. అది పకపకా నవ్వి నా చెయ్యి పట్టుకుంది. సాయంత్రం దాకా ఆడుకున్నాం. చాలా రోజుల తర్వాత నాకు సంతోషంగా అనిపించింది.

దీపాలు పెట్టే వేళకి భయం పట్టుకుంది. అమ్మ దగ్గరికి వెళ్లి, "అమ్మా, నేను చచ్చిపోతానా?" అని ఏడ్చేశాను. అమ్మ విషయం రాబట్టి, నాన్న ఇంకా సైకిలు దిగకముందే చెప్పింది. క్యాన్లు కట్టిన తాడు ఆయన చేతిలోనే ఉండిపోయింది.

"ఎన్ని గ్లాసులు తాగావు?"

"ఒక్కటే."

నా నాలుక చూశాడు, కళ్లు చూశాడు, నుదుటి మీద చెయ్యి పెట్టాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. ఆ పూట అన్నం తినలేదు.

పొద్దున్నే స్నానం చేసి ఉతికిన చొక్కా వేసుకుని, "నువ్వూ రా" అని నా చెయ్యి పట్టుకుని పక్కింటికి తీసుకెళ్లాడు. అత్త గడప దగ్గర కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. మామ పనికి బయలుదేరుతున్నాడు.

"రాండ్రి సారూ, కూసోండ్రి" అన్నాడు మామ.

"కూర్చోను. ఒక సంగతి చెప్పాలి. బావి నీళ్లు తాగకండి. ఫ్యాక్టరీ గుంటలో పోసిన రంగు నీళ్లు అందులోకి దిగుతున్నాయి. నేను పరీక్ష చేసి చూశాను. అందుకే మేం మానేశాం. మీరనుకున్నట్టు కాదు."

అత్త చేతులు చాటలో ఆగిపోయాయి.

"ఎన్ని దినాల సంది ఎర్క నీకు?"

"ఇవాళ్టికి ముప్పై ఏడు రోజులు."

లెక్క ఆయన దగ్గర సిద్ధంగా ఉంది. రోజూ లెక్కపెట్టుకున్నాడన్నమాట.

"మరి ఇయ్యాల ఎందుకు జెప్తున్నవ్?"

నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఏదో ఒక మంచి మాట చెప్పి తప్పించుకోవచ్చు. ఆయన అలా చేయలేదు.

"నిన్న మా అమ్మాయి మీ ఇంట్లో నీళ్లు తాగింది."

అత్త నన్ను చూసింది. ఆ చూపుకి నేను నాన్న వెనక్కి జరిగాను. మామ మాత్రం మమ్మల్నెవర్నీ చూడటం లేదు. తన అరచేతులు చూసుకుంటున్నాడు.

"ఆ గుంతల పోసింది నేనే గద సారూ. దినాం డ్రమ్ములు దొర్లించుకుంట పోయి నేనే పోసిన. పొయ్యమన్నరు, పోసిన. నాకు ఎర్క లేక పోసిన. ఎర్క ఉంటె..." అని ఆగి, "మీకు ఎర్కుండె" అన్నాడు. తిట్టినట్టు అనలేదు. అర్థం చేసుకోవడానికి తనకు తనే చెప్పుకున్నట్టు అన్నాడు.

అత్త మెల్లగా లేచింది. మూలనున్న కుండని రెండు చేతులా ఎత్తి తెచ్చి వాకిట్లో కుమ్మరించింది. నీళ్లు మా కాళ్ల మధ్యనుంచి వీధిలోకి పారాయి. తర్వాత తలుపు వేసుకుంది.

నాన్న మిగతా నాలుగు ఇళ్లకీ వెళ్లి చెప్పాడు. ఎవరూ లోపలికి రమ్మనలేదు. వారం తిరక్కుండానే గుంట మీద మట్టి కప్పేశారు, నాన్నని ఉద్యోగంలోంచి తీసేశారు. ఇంటి యజమాని బావి మీద బండలు పరిపించి, మమ్మల్ని ఇల్లు ఖాళీ చేయమన్నాడు. మామని ఫ్యాక్టరీ పొమ్మనలేదు. ఆయనే మానేశాడు.

వానలు మొదలయ్యాక అత్తకి నెలలు నిండకుండానే కాన్పయింది. మగబిడ్డ. మూడు రోజులున్నాడు. దవాఖానాలో ఎవరూ కారణం చెప్పలేదు. అలా పుట్టి పోయే పిల్లలు అప్పట్లో చాలామంది ఉండేవారు. నీళ్లవల్లనో కాదో, అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. అమ్మ చూడటానికి వెళ్లి గడప దగ్గరే నిలబడి తిరిగి వచ్చింది. మర్నెల మేము నాచారం అవతలికి మారిపోయాం. నా జట్టు పిల్లకి చెప్పి రావడానికి నాకు మొహం చెల్లలేదు.

నాన్న తర్వాత ట్యూషన్లు చెప్పుకుని బతికాడు. మంచి మాస్టారని పేరు వచ్చింది. కానీ ఎవరికీ నీతి కథ చెప్పలేదు. పిల్లల తల్లులెవరైనా, "నాలుగు మంచి మాటలు కూడా చెప్పండి సారూ" అంటే, "లెక్కలు చెప్తానమ్మా, అవి చాలు" అనేవాడు. ఆయన చివరి రోజుల్లో ఒకసారి అడిగాను, "చెప్పేశాక మనసు తేలికపడిందా నాన్నా?" అని.  "అంతకుముందు భయం ఉండేది. చెప్పాక భయం పోయింది, సిగ్గు మిగిలింది" అన్నాడు. ఆగి, "ఆ పిల్లాడు బతికుంటే నీకన్నా తొమ్మిదేళ్లు చిన్న" అన్నాడు. ఆ లెక్క కూడా పెట్టుకున్నాడు.

నాన్న పోయిన ఏడాదికి, వాళ్లనీ వీళ్లనీ అడిగి అత్త ఉండే చోటు తెలుసుకున్నాను. మేడిపల్లిలో కూతురి దగ్గర ఉంది. నా జట్టు పిల్ల అన్నోజిగూడ దగ్గర బడిలో టీచరట. నేను వెళ్లేసరికి ఇంకా రాలేదు. అత్త జుట్టు పూర్తిగా నెరిసింది. పేరు చెప్పగానే గుర్తుపట్టి, నా మొహం రెండు చేతులా తడిమి లోపలికి తీసుకెళ్లింది. జొన్నరొట్టె చేసి పెట్టింది. మామ పోయి చాలా ఏళ్లయిందట.

"గా దినం సంది పాట పాడలే బిడ్డా. ప్రార్థనల అందరు పాడుతుంటె ఉత్తగ పెదవులు కదిపెటోడు. నీకేం ఎర్క, పొయ్యమంటె పోసినవ్ అని నేను ఎన్నిసార్లు జెప్పిన. ఇన్లే."

"మా నాన్న కూడా..." అన్నాను. 

"మీ నాయిన చెడ్డోడు కాదు" అంది అత్త. "చెడ్డోడైతే అసలే జెప్పకపోతుండె. అబద్ధమన్న ఆడుతుండె. గాయినె నిజం జెప్పిండు. గానీ జర ముందుగాల జెప్తె ఏమైతుండె బిడ్డా? కొలువే గద పోయేది. గది ఎట్లైన పాయె."

నేను తలవంచుకుని రొట్టె తుంచుతున్నాను. ముప్పై ఏడు రోజులూ నాన్నవే అన్నట్టు మాట్లాడుతోంది. అందరూ అలాగే అనుకున్నారు. నేనూ అలాగే అనుకోనిచ్చాను, ఇన్నేళ్లూ.

"అత్తా, నాకు కూడా తెలుసు. మొదటి రోజు నుంచీ. తలుపు వెనకనుంచి విన్నాను."

ఆమె పొయ్యి దగ్గర అటు తిరిగి ఉంది. కాసేపు పెనం మీది రొట్టె తిప్పలేదు. మాడు వాసన వచ్చింది.

"అప్పుడు నీకు ఎన్నేండ్లు?"

"తొమ్మిది."

చిన్న పిల్లవి, నీకేం తెలుసు అంటుందని ఎదురుచూశాను. ఆ మాట కోసమే ఆమెని వెతుక్కుంటూ వెళ్లానని, అప్పుడు గాని నాకు తెలియలేదు.

"తొమ్మిదేండ్లంటె పెద్దపిల్లవే బిడ్డా" అంది అత్త.

అని, మాడిన రొట్టె పక్కన పడేసి, ఇంకోటి కాల్చి నా కంచంలో వేసింది. ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఏదో కోపంలో అన్నదిలే అనుకుని ఈపాటికి మరిచిపోయేదాన్ని.